సుగ్గికి పోయిన తల్లిదండ్రులకు బడి కబురు

నేను పనిచేసేది ఆదోని ప్రాంతంలోని ఒక మండల పరిషత్ ప్రాథమిక పాఠశాలలో. పత్తి తీతలు అయిపోయాయంటే మా ఊరు సగం ఖాళీ అవుతుంది. బియ్యం మూటలు, వంటసామాను బండికెత్తుకుని కుటుంబాలకు కుటుంబాలే మిరప కోతలకు గుంటూరు, పల్నాడు వైపు సుగ్గికి, అంటే వలస కూలికి పోతాయి. కొందరు పిల్లల్ని వెంట తీసుకెళ్తారు, కొందరు అవ్వ దగ్గర వదిలి వెళ్తారు. ఆ వదిలిపెట్టిన పిల్లల చదువు సంగతి వాళ్ల అమ్మానాన్నలకు చేరవేయడం నాకు పెద్ద పనే అయింది.

2024 డిసెంబరు 7న రాష్ట్రమంతటా ప్రభుత్వ బడుల్లో మెగా పేరెంట్ టీచర్ మీటింగ్ జరిగింది. తల్లులకు ముగ్గుల పోటీ, తండ్రులకు తాడు లాగే పోటీ, పిల్లలతో కలిసి మధ్యాహ్న భోజనం, అంతా సంబరంగానే గడిచింది. నా తరగతిలో మాత్రం చాలామంది పిల్లల పక్కన కూర్చున్నది అవ్వలే. ప్రోగ్రెస్ కార్డు చేతికిస్తే ఒకావిడ కళ్లకద్దుకుని, "మావోడు చదువుతాండాడా మేడం?" అని నన్నే అడిగింది. కార్డులో గ్రేడు ఉంది. అది ఆమెకేం చెబుతుంది?

పిల్లల హాజరు, నేర్చుకునే శక్తి, ప్రగతి గురించి తల్లిదండ్రులతో క్రమం తప్పకుండా సమావేశమై చెప్పాలని 2009 విద్యాహక్కు చట్టం 24వ సెక్షన్ టీచర్‌కు బాధ్యత పెట్టింది. అది రాసినవాళ్లకు సుగ్గి సంగతి తెలిసి ఉండదులెండి.

ముందు ఫోన్ నంబర్ల దగ్గరే చిక్కొచ్చింది. రిజిస్టర్‌లో ఉన్నవాటిలో చాలావరకు పనిచేయవు. రీఛార్జ్ అయిపోయినవి కొన్ని, మారిపోయినవి కొన్ని. అవ్వల్ని అడిగితే తెలిసిందేమిటంటే, గుంపులో ఎప్పుడూ మోగేది కూలీలను కూడగట్టి తీసుకెళ్లే మేస్త్రీ ఫోన్. ఆ నంబరు పట్టుకున్నాను. పగలు చేస్తే ఎత్తరు. చేలోంచి వచ్చి పొయ్యి వెలిగించే వేళకు చేస్తే దొరుకుతారు.

రాసి పంపితే చదవగలిగే తల్లులు తక్కువ. అందుకని వాట్సాప్‌లో వాయిస్ మెసేజ్ మొదలుపెట్టాను. ఆ గొంతు నాది కాదు, పిల్లలదే. తెలుగు వాచకంలో నాలుగైదు వాక్యాలు పిల్ల చదువుతుంది, చివర నేను రెండు ముక్కలు చెబుతాను: ఒత్తులు వచ్చిన చోట ఆగుతోంది, పోయిన నెల కంటే నయం, ఇలా. తీసివేతల్లో అప్పు తీసుకోవడం ఇంకా రాలేదని ఒక పిల్లవాడి గురించి చెబితే, "మాకు బాగా వచ్చులే మేడం, వాడికీ వస్తాది" అని వాళ్లమ్మ నవ్వింది.

ఇంకో చిక్కు కూడా వచ్చింది. మేస్త్రీ ఫోన్‌లో మోగిందంటే గుడారాల్లో అందరూ వింటారు. ఒక తల్లి ఎవరిదో ఫోన్ అడిగి తీసుకుని, "మా పాప రానివి అందరి ముందర చెప్పొద్దు మేడం" అంది. న్యాయమే కదా. అప్పటి నుంచి చదివిన గొంతు మాత్రమే మెసేజ్‌లో వెళ్తుంది, రానివి తల్లికి విడిగా ఫోన్‌లో చెబుతాను. మార్కులు వాట్సాప్ గ్రూపులో పెట్టను. జనవరి 26 జెండా వందనం, ముగ్గులు, ఆటల పోటీల ఫొటోలు మాత్రం గ్రూపులోకే. అందులోనూ ఒక జాగ్రత్త. ఒకే పిల్ల ఐదు ఫొటోల్లో ఉండి ఇంకో పిల్ల ఒక్కదాంట్లోనూ లేకపోతే, అక్కడ వెతుక్కునేవాళ్లు ఉంటారు.

ఈ పనికి సాయంత్రాలు పోతాయి. యాప్‌లు నింపే పని ఎలాగూ తప్పదు, దానిపైన ఇదొకటి. మా హెడ్మాస్టర్ మొదట్లో "ఎందుకమ్మా ఈ తలనొప్పి" అన్నారు. తరగతులన్నిటికీ ఇలా చేయడం నావల్ల కాదు, నా రెండు తరగతుల వరకే చేస్తున్నాను.

తమ్ముణ్ని చూసుకోవడానికని మూడో తరగతి పిల్లను వెంట తీసుకెళ్లిన ఒక తండ్రి, పక్క గుడారం పిల్ల చదువు విని నాకు ఫోన్ చేశాడు. వలస వెళ్లేవాళ్ల పిల్లల కోసం సీజనల్ హాస్టల్ ఉంటుందని అప్పుడే చెప్పాను. సంక్రాంతి తర్వాత పిల్లను తెచ్చి చేర్పించాడు.

ఇప్పుడు బళ్లు కదలకముందే మేస్త్రీ నంబరు, పక్కింటివాళ్ల నంబరు రాసిపెట్టుకుంటున్నాను. కిలోల లెక్కన కూలి కట్టించుకునే ఒక తండ్రి ఈ మధ్య, "చదివేది మాకు తెలీదు గానీ లెక్క అయితే పట్టుకుంటాం, ఎక్కాలు కూడా చెప్పించి పంపండి మేడం" అన్నాడు. ఈ వారం ఏడో ఎక్కం పంపాలి.