కుడి లేన్ మహారాజు

శంషాబాద్ దాటాక ఔటర్ మీద కుడి చివరి లేన్‌లో ముందు ఒక తెల్ల కారు. స్పీడు 60.

లైట్ ఒకసారి కొట్టా. ఉలుకూ పలుకూ లేదు. నా వెనక బండ్లు బారులు తీరుతున్నాయి. ఇక లాభం లేదని ఎడమ నుంచే దాటుతూ అటు చూశా. స్టీరింగ్ పక్కన స్టాండులో ఫోన్, అందులో వీడియో కాల్. అవతల చంటిపిల్ల ఉన్నట్టుంది, అయ్యగారు బుగ్గలు ఉబ్బించి మరీ ఆడిస్తున్నారు!

నవ్వూ వచ్చింది, ఒళ్లూ మండింది.

60లో పోవడం నేరమేం కాదండీ. ఎడమకి జరిగి పొమ్మనే గోల. ఔటర్ మీద కుడివైపు రెండు లేన్లూ 100 నుంచి 120లో వెళ్లేవాళ్లవి. నెమ్మదిగా పోతే చాలు, జాగ్రత్తగా నడిపినట్టే అని మనవాళ్లకో గట్టి నమ్మకం. 120లో వచ్చేవాడికీ ఆయనకీ మధ్య దూరం సెకనుకి దాదాపు 17 మీటర్ల చొప్పున తరిగిపోతుంటుంది. ఆ సంగతి తెలియాలంటే ఒక్కసారైనా అద్దంలో చూడాలి కదా. అద్దం తల దువ్వుకోడానికే అనుకుంటారేమో మరి.

పైగా దాటి వచ్చాక వెనక నుంచి నాకే హారన్ కొట్టాడు, రాంగ్ సైడ్ ఓవర్‌టేక్ చేశానని!

అన్నట్టు, అప్పా జంక్షన్ దగ్గర ఎగ్జిట్ మిస్సయి రివర్స్‌లో వస్తున్న పెద్దమనిషి ఇంకొకరు. ఆయన గురించి రాయాలంటే ముందు టీ తాగాలి.