రెండంగుళాల నీళ్ళు

ఈ రోజు ఆదివారం. తెల్లవారి అయిదున్నరకే లేచి, కాఫీ కూడా పెట్టుకోకుండా మేడ మీదికి వెళ్ళి, నిన్న సాయంత్రం స్నానాల గది గోడ మీద నేను గీసిన పెన్సిలు గీతను చూశాను. నీళ్ళు గీతకు అరంగుళం కిందికి దిగి ఉన్నాయి.

గుంటూరులోని మా ఇల్లు 1996లో కట్టినది. ఆ స్నానాల గదికి సరిగ్గా కిందనే వంటింటి అటక ఉంది. అత్తయ్య ఏటా పెట్టే ఆవకాయ జాడీలు ఉండేది అక్కడే. రెండేళ్ళుగా అక్కడి కప్పులో చెమ్మ పుట్టి, ఉప్పు పొంగి, సున్నం పెచ్చులు రాలుతున్నా, ప్రతి వేసవిలో గీకించి రంగు వేయించి ఊరుకున్నాము. గత నెలలో ఒక నీటి చుక్క జాడీకి కట్టిన వాసెనగుడ్డ మీద పడింది. తడి గరిటె కూడా తగలనివ్వని ఆవకాయ మీద పైవాళ్ళ స్నానపు నీళ్ళు కారడం అత్తయ్య సహించగలిగిన విషయం కాదు గనుక, టైల్స్ పగలగొట్టాలన్న నిర్ణయం ఆ పూటే జరిగిపోయింది.

పగలగొట్టాక తెలిసిందేమిటంటే, పాత టైల్స్ కింద ఇసుక, సిమెంటు తప్ప నీటిని ఆపేది ఏదీ లేదు. టైలు వేస్తే నీళ్ళు దిగవనే నేనూ ఇన్నాళ్ళూ అనుకున్నాను. మంచి విట్రిఫైడ్ టైలు తన బరువులో అర శాతానికి మించి నీటిని పీల్చదన్న మాట నిజమే. కాని టైలుకూ టైలుకూ మధ్య నింపిన తెల్ల సిమెంటు మాత్రం రోజూ కొద్దికొద్దిగా తాగుతూనే ఉంటుంది, తాగినదంతా కిందికి వదులుతుంది. నీటిని ఆపవలసింది కంటికి కనిపించని అడుగు పొరే.

ఆ పొర కోసం పోయిన వారమంతా ఖర్చయింది. ముందుగా ప్లంబర్ గోడలోని పైపులన్నీ బిగించి, ఒత్తిడి పెట్టి చూశాడు. నీటిని ఆపే ఆ పూత అయ్యాక ఒక్క కుళాయి ఎత్తు మార్చాలన్నా గోడకు మళ్ళీ చిల్లు పెట్టాలి కాబట్టి, షవరు ఎక్కడ ఉండాలన్న మా ఇంటి వివాదం ఆ రోజే తేల్చుకోవలసి వచ్చింది. తరువాత మేస్త్రి గారు నేలకు నీళ్ళు బయటికి పోయే నాని ట్రాప్ వైపు వాటం ఇచ్చి, నేలా గోడా కలిసే మూలలన్నిటినీ సిమెంటుతో గుండ్రంగా తిప్పారు. పదునైన మూలలో పూత పగులుతుందట. ఆ మూలల్లోనూ ట్రాప్ చుట్టూ ఫైబర్ జాలీ పట్టీలు పరిచి, పొడినీ ద్రావణాన్నీ కలిపిన పూతను ముందుగా తడిపిన నేల మీద ఒకసారి అడ్డంగా, మరునాడు నిలువుగా వేశారు. షవరు ఉన్న గోడకు ఆరడుగుల ఎత్తు, మిగిలిన గోడలకు అడుగు ఎత్తు పూశారు. రెండో పూత పచ్చిగా ఉండగానే ఆయన గుప్పెళ్ళతో ఇసుక చల్లుతుంటే, ముగ్గు వేస్తున్నట్లుగా ఉందని నవ్వుకున్నాను. పైన వేసే సిమెంటు మాలు పట్టుకోవడానికి ఆ గరుకుతనం కావాలట.

పూత ఆరాక, నిన్న సాయంత్రం ట్రాప్‌ను పాలిథిన్ చుట్టిన గోనె ముక్కతో మూసి, గుమ్మం దగ్గర ఇటుకలతో అడ్డు కట్టి, పూత కారుతుందో లేదో చూడడానికి నీళ్ళు నింపాము. అయిదడుగులకు ఏడడుగుల గదిలో సగటున రెండంగుళాల నీళ్ళంటే సుమారు 165 లీటర్లు.

ఎనిమిదింటికి వచ్చిన మేస్త్రి గారు గీతను చూసి, "ఎండలు కదండీ మేడం గారూ, ఆవిరైపోయి ఉంటాయి" అన్నారు. రేపటికి టైల్స్ పనివాళ్ళను మాట్లాడుకున్న మనిషి, ఆయన తొందర నాకు అర్థమయింది. అయితే నిన్ననే నేను అదే గదిలో ఒక వెడల్పాటి బేసిన్‌లో నీళ్ళు పోసి దానికీ గీత గీసి ఉంచాను. అందులో అర నూలు కూడా తగ్గలేదు. లెక్క వేస్తే ఎటో పోయిన నీళ్ళు దాదాపు 40 లీటర్లని తేలింది. మావారు నిచ్చెన వేసుకుని అటక ఎక్కి కప్పంతా అరచేత్తో తడిమి, ఎక్కడా చల్లదనం కూడా లేదన్నారు. అన్ని నీళ్ళు స్లాబులోకి దిగి ఉంటే అటక అంత పొడిగా ఉండడం సాధ్యం కాదు.

అప్పుడు మేస్త్రి గారే చప్పున లేచి పెరట్లోకి వెళ్ళి మురుగునీటి చాంబర్ మూత తీశారు. ఆ స్నానాల గది నుంచి మాత్రమే దిగే పైపులో నీళ్ళు దారంలా కారుతున్నాయి. కారుతున్నది నేల కాదు, మేము కుక్కిన గోనె ముక్క! ఆయన ఊపిరి పీల్చుకున్నారు. నేను మాత్రం పీల్చుకోలేకపోయాను. గోనె కారిందని తెలిసినంత మాత్రాన పూత కారలేదని రుజువు కాదు కదా. ఒక్క రాత్రి పొడిగా ఉన్న అటకను నమ్మి టైల్స్ వేయించే ధైర్యం నాకు లేదు. బజారు నుంచి మర బిగించే రబ్బరు బిరడా తెప్పించి, ట్రాప్‌కు బిగించి, పదింటికి మళ్ళీ గీత దాకా నింపించాను. 48 గంటలు ఆగుదామన్నప్పుడు ఆయన ముఖం కొంచెం చిన్నబోయింది. పనివాళ్ళకు రేపటి సగం కూలీ నేనిస్తానని, బుధవారం రమ్మని చెప్పి ఒప్పించాను.

మధ్యాహ్నం నుంచి ఎన్నిసార్లు మెట్లెక్కానో లెక్క పెట్టుకోలేదు. చాంబర్ పొడిగానే ఉంది. రాత్రి తొమ్మిదింటికి టార్చి వేసి చూస్తే, నేల మీది నీళ్ళూ బేసిన్‌లోని నీళ్ళూ గీతకు ఒకే వెంట్రుకవాసి కిందుగా ఉన్నాయి. కిందికి దిగి వచ్చేసరికి, హాలులో ఉయ్యాల బల్ల పక్కన వరసగా పెట్టిన జాడీల మీది దుమ్ము తుడుస్తూ అత్తయ్య, "వీటిని అటకెక్కించేది ఎప్పుడమ్మా?" అని అడిగారు. మంగళవారం పదింటి తరువాత చెబుతానన్నాను.