45 సెకన్ల కోసం ఎనిమిది నెలలు

టీవీలో ఎన్‌హెచ్‌ఎల్ (ఉత్తర అమెరికా ఐస్ హాకీ లీగ్) మ్యాచ్‌లు చూసినన్నాళ్లూ నాకొక అనుమానం. లక్షల డాలర్లు తీసుకునే ఆటగాళ్లు ముప్పావు నిమిషం ఆడగానే బెంచీ ఎక్కేస్తారేంటి? ముప్పై నాలుగేళ్లకు నేనే కర్ర పట్టుకున్నాక గానీ జవాబు దొరకలేదు.

మొదట స్కేట్స్. నా బూటు సైజు చెబితే ఒకటిన్నర సైజు తక్కువది తెచ్చారు. ఓవెన్‌లో కాసేపు వేడిచేసి తొడిగి, చల్లారేదాకా లేవొద్దన్నారు. చల్లారేసరికి మడమను కదలనివ్వకుండా పట్టేసింది.

నడవడం, జారడం ఎలాగో వచ్చాయి. ఆగడమే రాలేదు! మూడు నెలలు గోడకు గుద్దుకునే ఆగాను. స్కేట్ కింది బ్లేడు మందం దాదాపు మూడు మిల్లీమీటర్లు. దాని మధ్యలో సన్నటి గాడి తీసి సాన పెడతారు కాబట్టి రెండు అంచులుంటాయి. వేగంగా వెళ్తూ మోకాళ్లు వంచి, పాదాలు రెండూ అడ్డంగా తిప్పి, ఆ అంచులతో మంచును గీకాలి. నేనేమో తిప్పగానే భయంతో నిటారుగా బిగుసుకుపోయేవాణ్ణి. అంచు మంచులో దిగబడేది, నేను బోర్లా పడేవాణ్ణి. కోచ్‌ది ఒకటే పాట: "కొయ్యకు, గీకు." ఒకరోజు చర్రుమని మంచుపొడి మోకాళ్లదాకా లేచింది. ఆగాను. అదీ ఎడమవైపే. కుడివైపు ఇప్పటికీ అంతంతమాత్రమే.

ఎనిమిదో నెలలో మొదటి మ్యాచ్. ఇరవై సెకన్లకే తొడలు మండిపోయాయి. 170 గ్రాముల పక్ (బంతికి బదులు వాడే రబ్బరు బిళ్ల) ఒక్కసారీ నా కర్రకు తగల్లేదు, అది వేరే సంగతి. ముప్పై సెకన్లు దాటాక కళ్లకు బెంచీ తప్ప ఏమీ కనిపించలేదు. బయటికొచ్చే ఆటగాడు బెంచీ దాకా చేరితేనే బదులు మనిషి దిగాలి. నేను రింక్ మధ్యలో ఈడ్చుకుంటూ వస్తున్నానని చూడకుండా అతను దూకేశాడు. మనిషి ఎక్కువైనందుకు జట్టుకు రెండు నిమిషాల పెనాల్టీ. తప్పు అతనిదే అని వాదించేందుకు కూడా నాకు ఊపిరి లేదు.

ఎన్‌హెచ్‌ఎల్ దిగ్గజం గోర్డీ హౌ 1979-80 సీజన్‌లో మొత్తం 80 మ్యాచ్‌లూ ఆడాడు. సీజన్ ముగిసేనాటికి ఆయనకు 52 ఏళ్లు. ఎప్పుడో చదివిన ఆ సంగతి, మర్నాడు పొద్దున రెయిలింగ్ పట్టుకుని ఒక్కో మెట్టూ దిగుతుంటే గుర్తొచ్చింది.

వచ్చే వారం ఇంకో మ్యాచ్. ఈలోగా స్కేట్స్ సాన పెట్టించాలి.