పూండి నీళ్లలో పురుగుమందు వెతకడం: నా అనుభవం

మాది కండలేరు దగ్గరి ఊరు. చెన్నైలో పీహెచ్‌డీకి చేరితే నాకు దక్కిన పని, మా వైపు నుంచి కాలువలో చెన్నై దగ్గరి పూండి జలాశయానికి వచ్చే నీళ్లలో పురుగుమందుల అవశేషాలు వెతకడం. 1983 తెలుగుగంగ ఒప్పందం ప్రకారం మద్రాసుకు రావాల్సినవి 12 టీఎంసీలు. 1996లో మొదటిసారి వచ్చాయి. దారి పొడుగునా పొలాలే.

నీళ్లలోంచి మందును బయటికి లాగే పాత పద్ధతి చేసినవాళ్లకు తెలుసు. లీటరు నీళ్లకు 60 మిల్లీలీటర్ల చొప్పున మూడు విడతలు డైక్లోరోమీథేన్ అనే ద్రావణి పోసి, సెపరేటింగ్ ఫన్నెల్ ఊపి ఊపి భుజాలు పడిపోవాలి. మేం ఎంచుకున్నది డీఎల్ఎల్ఎంఈ, అంటే డిస్పర్సివ్ లిక్విడ్-లిక్విడ్ మైక్రోఎక్స్‌ట్రాక్షన్: నీళ్లలో సన్నగా చెదిరిన కొద్దిపాటి ద్రావణితో మందును లాగడం. 2006లో ఇరాన్ పరిశోధకులు బయటపెట్టిన పద్ధతి. ఇందులో 5 మిల్లీలీటర్ల నీళ్లు చాలు. మిల్లీలీటరు అసిటోన్‌లో 12 మైక్రోలీటర్ల క్లోరోబెంజీన్ కలిపి, సిరంజితో ఒక్క ఊపున నీళ్లలోకి కొట్టాలి. బియ్యం కడిగిన నీళ్లలా తెల్లబడతాయి. సెంట్రిఫ్యూజ్‌లో తిప్పితే నీళ్లకన్నా బరువైన క్లోరోబెంజీన్ అడుగున 5 మైక్రోలీటర్ల చుక్కై కూర్చుంటుంది. మందు దాదాపు అంతా ఆ చుక్కలోకి వస్తే, గాఢత వెయ్యి రెట్లకు దగ్గరగా పెరిగినట్టే. దాన్నే జీసీ-ఎంఎస్‌కు, అంటే ఆవిరి చేసి ఏ మందు ఎంతుందో చెప్పే మెషీన్‌కు ఎక్కించాలి.

డిస్టిల్డ్ వాటర్‌తో అన్నీ అందంగా వచ్చాయి. అసలు పరీక్ష పూండి నీళ్లు పెట్టింది. నాచు వల్ల చుక్క మీద తెల్లటి పొర కట్టి, మైక్రోసిరంజి సూది మూసుకుపోయేది. వడకడితే ఇంకో చిక్కు: మేం వెతికే పురుగుమందుల్లో ఒకటైన క్లోర్‌పైరిఫాస్ మట్టి రేణువులను పట్టుకుని ఉంటుంది, ఫిల్టర్ మీదే ఉండిపోతుంది. అందుకని వడకట్టిన నీళ్ల అంకె పక్కన ‘కరిగిన భాగం మాత్రమే’ అని రాసుకున్నాం. ఉప్పు వేస్తే చుక్క పెద్దదవుతుంది, అందులో మందు పలచబడుతుంది. ఏసీ ఆగితే చుక్క కొలతే మారుతుంది. చెన్నై ఎండల్లో ఇది చిన్న విషయం కాదు. చివరికి అదే చెరువు నీళ్లలో తెలిసిన మోతాదు కలిపి, మెషీన్ అంకెను మందు మోతాదుగా మార్చే కాలిబ్రేషన్ గీత మళ్లీ గీశాం.

క్లోర్‌పైరిఫాస్ బాగా పట్టుబడుతుంది. దాని లాగ్ కె-ఓడబ్ల్యూ (నీళ్లకన్నా నూనెలాంటి ద్రావణిలోకి ఎంత మొగ్గుతుందో చెప్పే అంకె) 5కి దగ్గర, నూనె గుణం ఎక్కువ. మోనోక్రోటోఫాస్ అనే ఇంకో పురుగుమందు అలా కాదు, దాని అంకె సున్నాకన్నా తక్కువ. అది నీళ్లను వదిలి చుక్కలోకి రాదు. మన తాగునీటి ప్రమాణం ఐఎస్ 10500లో క్లోర్‌పైరిఫాస్‌కు లీటరుకు 30 మైక్రోగ్రాముల దాకా వెసులుబాటు ఉంది, మోనోక్రోటోఫాస్‌కు 1 మాత్రమే. అంటే ఎక్కువ జాగ్రత్త పడాల్సినదాన్నే ఈ పద్ధతి పట్టుకోలేకపోతోంది.

ఫోన్లో నాయన అడిగాడు: “ఏమ్మా, నీళ్లల్లో మోనో ఉందా?”

“మా మెషీన్‌కి కనపళ్లేదు నాయనా.”

“అంటే లేదనా?”

“లేదని కాదు. మేం తీసే పద్ధతికి అది చిక్కదు.”

“మరి కాగితం మీద లేదని రాయబాకండి.”

మా గైడ్‌దీ అదే మాట. ‘నాట్ డిటెక్టెడ్’ అని రాస్తే చదివేవాళ్లు సున్నా అనుకుంటారు. మోనోక్రోటోఫాస్‌ను పట్టికలోంచి తీసేశాను. దానికి నీళ్లను నేరుగా ఎల్‌సీ-ఎంఎస్‌కు, అంటే ఆవిరి చేయకుండా ద్రవంగానే పరీక్షించే మెషీన్‌కు ఎక్కించాలి. ఆ మెషీన్ వేరే డిపార్ట్‌మెంట్‌లో ఉంది, స్లాట్ వచ్చే నెలకు దొరికింది.