స్టార్టర్ డబ్బా మూత లోపల నా విజిటింగ్ కార్డు

మొన్న ఒక దోస్తు మొబైల్ రిపేర్ షాపు పెడుతూ ఫోన్ చేశాడు. "నీ విజిటింగ్ కార్డు మంచిగుంటది కదా, ఆ ఫైలు పంపు, పేరు మార్చి కొట్టించుకుంటా" అన్నాడు. పంపలేదు. పిసినారితనం కాదు, నా కార్డు వాడికి పనికిరాదు. ఎందుకు పనికిరాదో చెప్పేసరికి అరగంట పట్టింది, అయినా వాడికి సగమే ఎక్కినట్టుంది. అందుకే ఇక్కడ రాసిపెడుతున్నా.

మాది జనగామలో బోరు మోటర్ల వైండింగ్ షాపు. నాన్న పెట్టింది, ఇప్పుడు నేను చూస్తున్నా. కాలిన మోటర్ వస్తే విప్పి, పాత వైరు పీకేసి, కొత్త కాపర్ చుట్టి, బుష్‌లూ బేరింగూ చూసి, నీళ్ళ తొట్టిలో నడిపించి పంపిస్తాం. యాసంగి వరి పొట్టకొచ్చిన టైములో మోటర్ కాలిందంటే రైతుకు రెండు రోజులు ఆగే వీలు కూడా ఉండదు. ఆ టెన్షన్‌లో ఆయన ఎవరికి మొదటి ఫోన్ చేస్తాడన్నదే మా బతుకుదెరువు.

షాపు నా చేతికొచ్చాక నేను చేసిన మొదటి ఘనకార్యం కార్డులు మార్చడం. నాన్న ఎప్పుడో హైదరాబాద్ పోయినప్పుడు ఛత్తా బజార్‌లో కొట్టించుకొచ్చిన కార్డులు ఉండేవి, తెల్ల అట్ట మీద నీలం అక్షరాలు, కింద "వరంగల్ జిల్లా" అని. 2016 అక్టోబర్ 11న కొత్త జిల్లాలొచ్చి మాది జనగామ జిల్లా అయిపోయింది కాబట్టి, ఆ వంక పెట్టుకుని మొత్తం డిజైనే మార్చేశా. నల్ల కార్డు, మీద బంగారు రంగు సన్న ఇంగ్లిష్ అక్షరాలు, మూలన ఒక పళ్ళచక్రం బొమ్మ, పైన గ్లాస్ లామినేషన్, అడుగున "క్వాలిటీ ఈజ్ అవర్ ప్రామిస్". వెయ్యి కొట్టించా. నాన్న ఒకటి తీసి అటూ ఇటూ తిప్పి, "ఎవరి పెండ్లిరా?" అన్నాడు.

ఆయన వెటకారం నాకప్పుడు అర్థం కాలేదు. ఒకరోజు పొద్దుగూకాక ఒక పెద్దాయన పొలం దగ్గరికి మోటర్ చూడటానికి పోయి, వచ్చేటప్పుడు దర్జాగా కార్డు తీసిచ్చా. ఆయన దాన్ని చేతికందినంత దూరం జరిపి చూశాడు, దగ్గరికి తెచ్చి చూశాడు, ఫోన్ టార్చి వేశాడు. టార్చి వేయగానే కార్డంతా ఒక్కటే తళుకు. "ఇదేంది బిడ్డా, మెరుస్తుంది గని నంబర్ కనవడ్తలేదు" అని నవ్వి, పక్కనున్న స్టార్టర్ డబ్బా, అంటే మోటర్ ఆన్ ఆఫ్ చేసే బటన్లుండే పెట్టె, మూత తెరిచాడు. మూత లోపలివైపు పెన్సిల్‌తో, బొగ్గుతో నాలుగైదు నంబర్లు రాసున్నాయి. లైన్‌మన్‌ది, ట్రాక్టర్ అతనిది, మోటర్ దింపే గుంపు మేస్త్రిది. నా నంబర్ కూడా నాతోనే చెప్పించుకుని అక్కడే రాసుకుని, కార్డు మర్యాదగా జేబులో పెట్టుకున్నాడు. ఆ జేబు చెమట సంగతి మీకు తెలియంది కాదు, రెండో రోజుకు అది కార్డుగా మిగిలి ఉండదు.

నాకు ఆ మూత దగ్గరే దిమ్మ తిరిగింది. మోటర్ ఆగిపోతే రైతు మొదట తెరిచేది ఆ డబ్బానే. మా వైపు వ్యవసాయానికి 2018 జనవరి 1 నుంచి 24 గంటల కరెంటు వచ్చాక, కరెంటు ఉంటే చాలు మోటర్‌ను వాటంతటవే నడిపించే ఆటో స్టార్టర్లు పెడితే రాత్రంతా నీళ్ళు వృథాగా పోతాయని తీసేయమన్నారు, చాలామంది తీసేశారు కూడా. అంటే మనిషే రోజూ పోయి డబ్బా తెరిచి బటన్ నొక్కాలి. రోజుకు రెండుసార్లు తెరిచే తలుపు లోపల నా నంబర్ ఉండాలి గానీ, ఏడాదికోసారి వెతికే పర్సులో ఎందుకు?

అందుకే ఇప్పుడు కార్డుతో పాటు అదే సైజులో అదే డిజైన్ వినైల్ స్టిక్కర్ కూడా కొట్టిస్తున్నా. మోటర్ బిగించి ట్రయల్ చూసే రోజున, మెయిన్ ఆఫ్ చేశాకే, మూత లోపల గుడ్డతో దుమ్ము తుడిచి నేనే అంటిస్తా. రైతు చేతికిస్తే అది ట్రాక్టర్ మడ్‌గార్డ్ మీదికి పోతుంది, అనుభవంతో చెబుతున్నా.

ఇక కార్డు. తెల్ల బ్యాక్‌గ్రౌండ్, నల్ల అక్షరాలు, నంబర్ ఒక్కటే ఎరుపు. సైజు మామూలు మూడున్నర అంగుళాలు బై రెండు అంగుళాలే. వెరైటీ కోసం గుండ్రంగా, మోటర్ ఆకారంలో కట్ చేయించే ఆలోచన ఒకటి వచ్చింది గానీ మానుకున్నా, ఎందుకంటే మా వాళ్ళలో పర్సు లేని మనిషి కూడా ఫోన్ వెనక కవర్లో ఏటీఎం కార్డూ రెండు వంద నోట్లూ పెట్టుకుంటాడు, అందులో పట్టని కార్డుకు చోటు లేదు. అట్ట బదులు నాన్ టేరబుల్ అనే ప్లాస్టిక్ లాంటి షీటు తీసుకున్నా, చినగదు, నీళ్ళలో పడ్డా పాడవదు, అట్ట కార్డు కంటే రేటు ఎక్కువే కానీ తడిసి ముద్దయ్యే వెయ్యి కంటే నిలిచే మూడొందలు నయం. ఏసీ ఆఫీసుల్లో తిరిగే వాళ్ళకు ఈ గొడవ లేదు, 300 జీఎస్ఎమ్ (అంటే కాస్త మందపాటి) ఆర్ట్ కార్డు మీద మ్యాట్ లామినేషన్ చాలు.

అన్నిటికంటే పెద్ద అక్షరాల్లో ఉన్నది షాపు పేరు కాదు, "బోరు మోటర్ల వైండింగ్" అన్న ముక్క. మా షాపుకు దేవుడి పేరు పెట్టాడు నాన్న, ఆ పేరుతో జనగామలో కిరాణం నుంచి టెంట్ హౌస్ దాకా ఇంకో పది షాపులుంటాయి. జనం ఫోన్లలో నన్ను ఎట్లా సేవ్ చేసుకున్నారో ఒకసారి అడిగి చూశా: "మోటర్ సేటు", "వైండింగ్ జనగామ", ఒకాయన "కాలిన మోటర్". షాపు పేరు ఒక్కరూ రాసుకోలేదు.

నంబర్ ఒక్కటే. ఇంతకుముందు నాదీ, నాన్నదీ, ల్యాండ్‌లైనూ మూడు ఉండేవి. మొదటిది బిజీ వస్తే రెండోది చేస్తారనుకున్నాం, వాళ్ళు పక్క షాపుకు చేస్తున్నారని తర్వాత తెలిసింది. పది అంకెలనూ ఐదు, ఐదుగా విడగొట్టి వేయించండి, ఎవరైనా పైకి చదివి వినిపించేది అట్లాగే కదా. ఈమెయిల్ తీసేశా, ఇన్నేళ్ళలో ఒక్క రైతూ నాకు మెయిల్ పెట్టలేదు. ఇంటి నంబరూ పిన్ కోడూ తీసేసి "ఆర్టీసీ బస్టాండు వెనక గల్లీ" అని వేశా. నా దోస్తుకైతే ఇందులో సగం రివర్స్. వాడి కస్టమర్ దగ్గర పనిచేయనిదే ఫోన్ కదా! వాడి కార్డు చూసి ఎవరు డయల్ చేస్తారు? నడుచుకుంటూ వస్తారు. వాడికి కావల్సింది షాపు ఎక్కడుందో చెప్పే గుర్తూ, షాపు తెరిచే టైమూ.

తెలుగులో కొట్టించే వాళ్ళకు ఒక మాట. మా ప్రెస్‌లో డీటీపీ ఇప్పటికీ అనూ అనే పాతరకం తెలుగు ఫాంట్లతోనే. మనం వాట్సాప్‌లో టైప్ చేసి పంపే యూనికోడ్ తెలుగును వాళ్ళు డిజైన్ చేసే పాత కోరల్‌డ్రా సాఫ్ట్‌వేర్‌లో నేరుగా పేస్ట్ చేస్తే ఒత్తులు ఊడి పక్కకు పడతాయి, "వర్క్స్" కాస్తా మూడు ముక్కలవుతుంది. మళ్ళీ టైప్ చేయించి, అక్షరాలను కర్వ్స్‌లోకి, అంటే ఫాంటుతో పనిలేని బొమ్మలుగా, మార్చాకే ఫైలు ప్రింటింగ్‌కు పంపమనండి, లేకపోతే ఇంకో కంప్యూటర్లో ఇంకో అవతారం ఎత్తుతుంది. రెండో లాట్‌లో నాకు జరిగింది వేరే. ప్రూఫ్ వాట్సాప్‌లో వచ్చింది, నా రెండు చేతులూ వైండింగ్‌లో ఉన్నాయి, ముక్కు కొసతో ఓకే కొట్టా. వెయ్యి కార్డుల మీద సున్నా ఎగిరిపోయి "వైడింగ్" అని వచ్చింది. తప్పు నాదే, డబ్బులూ నావే. ఇప్పుడు ప్రూఫ్ కాగితం మీద తీయించి, నాన్నతో చదివించి, దాని మీదున్న నంబర్ని చూసి డయల్ చేయిస్తా. నా ఫోన్ మోగితేనే ఓకే.

క్యూఆర్ కోడ్ పెట్టాలా వద్దా అని చాలామంది అడుగుతారు. నేను పెట్టా, వాట్సాప్ చాట్ తెరుచుకునేది. రైతు స్కాన్ చేయడు, నిజమే. కానీ హైదరాబాద్‌లో ఉద్యోగం చేసే కొడుకు చేస్తాడు. రైతు కార్డును ఫోటో తీసి కొడుక్కి పంపుతాడు, కొడుకు అక్కడి నుంచే నాతో మాట్లాడి డబ్బులు వేస్తాడు, మా దగ్గర ఇది ఇప్పుడు మామూలైపోయింది. అంటే కార్డు చేతిలో ఎంత బాగుందో చూసుకుంటే సరిపోదు, ఫోటోలో చదవగలగాలి. బంగారు రంగు మీద కోడ్ వేయిస్తే ముచ్చటగా ఉంటుంది, స్కాన్ మాత్రం కాదు. తెలుపు మీద నలుపు, కనీసం రెండు సెంటీమీటర్లు, చుట్టూ కాస్త ఖాళీ. ఈ కోడ్ 1994లో జపాన్‌లో కార్ల విడిభాగాల లెక్క కోసం పుట్టిందట, కొంత భాగం మాసిపోయినా చదివేటట్టు చేశారు, మా గ్రీజు చేతులకు అంతకంటే ఏం కావాలి.

కార్డు వెనక వైపు ఖాళీ. ఎంతమంది చెప్పారో, అక్కడ పంపుల బొమ్మలు వేయమని, దేవుడి ఫోటో వేయమని. వేయలేదు. అక్కడ మార్కర్‌తో నేను రాస్తా: హెచ్‌పీ ఎంత, పంపులో స్టేజీలు ఎన్ని, ఎన్ని అడుగుల్లో దింపాం, ఏ తేదీన చుట్టాం. తర్వాతిసారి ఫోన్ చేసినప్పుడు "వెనక రాసింది చదువు మామా" అంటే చాలు, మోటర్ రాకముందే వైరు తూకం వేసి పెట్టుకుంటా. రాసి ఉన్న కార్డును మనిషి పారేయడు, అది వాళ్ళ మోటర్ సంగతి కదా. అట్ట కార్డు వాడేవాళ్ళు లామినేషన్ ఒకవైపే చేయించుకోండి, లేకపోతే వెనక పెన్ను ఎక్కదు.

పంచడం గురించి పెద్దగా ఏం లేదు. సంతలో వంద పంచిచూశా, వంద వృథా. మోటర్ దింపే గుంపులకు, పైపుల షాపు వాళ్ళకు, మోటర్లు తెచ్చే ట్రాలీ ఆటో డ్రైవర్లకు తలా ఇరవై ఇచ్చా, అక్కడి నుంచే పనొస్తుంది. వాళ్ళకు కమీషన్ కూడా ఇవ్వాలి, అది కార్డు మీద రాయరు.

ఇప్పుడు కొత్త లాట్‌కు ఒకటే మార్పు. మూలన చిన్న రంధ్రం కొట్టించాలని ఉంది, స్టిక్కర్ నిలవని తుప్పు డబ్బాలకు బయట హ్యాండిల్‌కు నైలాన్ దారంతో కట్టొచ్చు. పంచింగ్‌కు కార్డుకు ఇరవై పైసలు ఎక్స్‌ట్రా అంటున్నాడు ప్రెస్ అతను. పదికి అడిగా, ఇంకా తేలలేదు.