వోయ్‌టెక్ సిపాయి, మా పిల్లలు

రెండో ప్రపంచ యుద్ధం గురించి మా పిల్లలకు మొట్టమొదట తెలిసింది ఒక ఎలుగుబంటి వల్ల. స్కాట్లండ్‌లోని ఎడిన్‌బరోలో ప్రిన్సెస్ స్ట్రీట్ తోటల్లో దాని కంచు విగ్రహం ఉంది, పక్కన ఒక పోలిష్ సైనికుడు. 2015లో పెట్టారు. ఆ దారిన వెళ్తే మా చిన్నది దాని వీపు నిమరకుండా కదలదు. దాని పేరు వోయ్‌టెక్.

నిద్రపోయే ముందు మా ఇంట్లో ఎక్కువసార్లు అడిగే కథ కూడా ఇదే. నేను తెలుగులోనే చెప్తాను. 1942లో ఇరాన్‌లోని హమదాన్ దగ్గర పోలిష్ సైనికులు తల్లిలేని ఎలుగు కూనను ఒక కుర్రాడి దగ్గర కొన్నారు. సోవియట్ శిబిరాల్లో బందీలుగా మగ్గి, అప్పుడప్పుడే బయటపడి వచ్చినవాళ్ళు వాళ్ళు. భార్యాపిల్లలు ఎక్కడున్నారో చాలామందికి తెలీదు. అలాంటివాళ్ళు ఖాళీ వోడ్కా సీసాలో డబ్బా పాలు పోసి దానికి పట్టారు. అది పెద్దదై వాళ్ళతో కుస్తీ పట్టింది, బీరు తాగింది, సిగరెట్లు నమిలి మింగేసింది. ఎండలకు తాళలేక స్నానాల గదిలోకి దూరి షవర్ తిప్పుకోవడం నేర్చింది. నీళ్ళన్నీ ఖాళీ చేస్తుంటే చివరికి ఆ గదికి తాళం వేశారు. ఇక్కడికి రాగానే మా వాడు మంచం మీద దొర్లి దొర్లి నవ్వుతాడు.

1944లో ఈజిప్టు నుంచి ఇటలీకి ఓడ ఎక్కాలి. పెంపుడు జంతువులకు అనుమతి లేదు. దాన్ని వదిలేసి వెళ్ళడానికి ఎవరికీ మనసొప్పలేదు. అందుకని దాన్ని సైన్యంలో సిపాయిగా చేర్చుకున్నారు, నంబరుతో, జీతం లెక్కలు రాసే పే బుక్‌తో సహా. "మరి సంతకం ఎవరు పెట్టారమ్మా?" అని మా చిన్నది ప్రతిసారీ అడుగుతుంది. ఇటలీలో మోంటే కాసినో అనే కొండ కోసం జరిగిన యుద్ధంలో అది ఫిరంగి గుళ్ళ పెట్టెలు మోసిందని తోటి సైనికులు చెప్పారు. గుండు మోస్తున్న ఎలుగుబంటి బొమ్మే వాళ్ళ దళం 22వ సప్లై కంపెనీకి చిహ్నమైంది.

అక్కడ ఆగిపోతే అది సరదా కథ అవుతుంది. నేను ఆపను. ఆ కొండ దగ్గర పోలిష్ శ్మశానంలో వెయ్యికి పైగా సమాధులున్నాయని కూడా చెప్తాను. యుద్ధంలో గెలిచిన పక్షాన ఉండి కూడా వాళ్ళలో చాలామందికి ఇల్లు దక్కలేదు. తూర్పు పోలండ్ సోవియట్ యూనియన్‌లో కలిసిపోయింది. మిగిలిన పోలండ్ కూడా వాళ్ళ చేతికింద నడిచింది. తిరిగి వెళ్తే మళ్ళీ జైలేనన్న భయం. అలా యుద్ధం అయ్యాక చేరిన స్కాట్లండ్‌లోనే ఉండిపోయి గనుల్లో, పొలాల్లో, కర్మాగారాల్లో పనులు వెతుక్కున్నారు. వోయ్‌టెక్‌ని 1947లో ఎడిన్‌బరో జూకి ఇచ్చారు. పాత మిత్రులు చూడటానికి వచ్చి పోలిష్‌లో పలకరిస్తే చెవులు రిక్కించేదట. కొందరు కంచె దూకి లోపలికి వెళ్ళి కుస్తీ పట్టేవారట. 1963లో అక్కడే చనిపోయింది.

ఈ భాగం పిల్లలకు తెలియాలని నా పట్టుదల. మేం కూడా పుట్టిన ఊరు వదిలి వచ్చినవాళ్ళమే. బెంగ పెట్టుకుంటాం, పండగ పూట కళ్ళనీళ్ళు పెట్టుకుంటాం. కానీ టికెట్ కొనుక్కుంటే మర్నాటికి అమ్మ దగ్గర ఉంటాం. ఆ సైనికులకు ఏ టికెట్టూ లేదు. క్లాసులో పోలిష్ పిల్లలున్నారు, యుద్ధాల నుంచి పారిపోయి వచ్చిన పిల్లలూ ఉన్నారు. వాళ్ళందరి ప్రవాసం మాలాంటిది కాదని మావాళ్ళు చిన్నప్పుడే గ్రహించాలి.

"మరి మనవాళ్ళు కాసినోలో లేరా?" అని మా వాడు అడిగాడు. ఉన్నారు కన్నా. పోలిష్ వాళ్ళకంటే ముందే, 1944 ఫిబ్రవరి, మార్చి నెలల్లో 4వ భారత డివిజన్ అదే కొండ ఎక్కడానికి పోరాడి ఎంతోమందిని పోగొట్టుకుంది. దారులు వేసి, మందుపాతరలు తీసే మద్రాస్ సాపర్స్ దళం వాళ్ళు కూడా ఇటలీలో పనిచేశారు. ఆ దళంలో తెలుగువాళ్ళు చాలాకాలంగా చేరుతూ వచ్చారు. ఆ సంగతి ఇక్కడి బడి పుస్తకంలో కనబడదు కాబట్టి ఇంట్లోనే చెప్పాలి.

అందుకే మా నాన్నకి ఫోను చేసి పిల్లలకి ఇచ్చేశాను. మాది తాడేపల్లిగూడెం వైపు. మిలటరీ మాధవరం అక్కడికి దగ్గరే. ఇంటింటి నుంచీ సైన్యానికి మనిషిని పంపిన ఊరది. ఆ ఊళ్ళో పెద్దవాళ్ళని సుబేదారు గారు, హవల్దారు గారు అని పిలిచేవారట. ఒక పెద్దాయన యుద్ధం గురించి ఒక్క ముక్క చెప్పేవాడు కాదుగానీ, ఓడ మీద తొలిసారి మకరోనీ చూసి పురుగులనుకుని పళ్ళెం పక్కనపెట్టిన సంగతి మాత్రం పదే పదే చెప్పి నవ్వేవాడట. పిల్లలు అది విని పడీ పడీ నవ్వారు. తర్వాత మా వాడు, "తాతయ్యా, ఆయన ఆకలితోనే పడుకున్నాడా?" అని అడిగాడు.

మాధవరంలో సైనికుల స్మారక స్తంభం ఉంది. వేసవి సెలవుల్లో అక్కడికి తీసుకెళ్తానని మా నాన్న మాటిచ్చేశారు. ఏమేం అడగాలో పిల్లలు ఇప్పటినుంచే నోటుబుక్కులో రాసుకుంటున్నారు. మొదటి ప్రశ్న మాత్రం చిన్నదానిదే: మీ కంపెనీలో ఏ జంతువు ఉండేది?