పర్లాకిమిడిలో మూడు మోటార్లు

నౌపడాలో రైలు మారే పని ఇప్పుడు లేదు. విశాఖలో గుణుపురం ప్యాసింజర్ ఎక్కితే నేరుగా పర్లాకిమిడిలో దిగొచ్చు. నా చిన్నప్పుడు మాత్రం నౌపడాలో పెద్ద రైలు దిగి, పక్కన పొగ వదులుతూ నిలబడ్డ చిన్న రైలు దగ్గరికి మూటలతో పరుగులు తీసేవాళ్ళం. "ఎందుకర్రా ఆ పరుగు, అదేమన్నా మనకంటే జోరుగా పోతాదా" అనేది అమ్మమ్మ.

పర్లాకిమిడి రాజావారు వేయించిన లైను అది. 1900లో నడక మొదలుపెట్టింది, 1931 నాటికి గుణుపురం చేరింది. గేజి (రెండు పట్టాల మధ్య దూరం) రెండున్నర అడుగులు, అంటే 762 మిల్లీమీటర్లు. 2004లో దాన్ని ఆపేసి బ్రాడ్‌గేజి వేశారు, 2011లో గుణుపురానికి పెద్ద రైలు వచ్చింది. ఈసారి కిటికీ పక్కన కూర్చున్నానే గానీ టెక్కలి ఎప్పుడు దాటిందో, పాతపట్నం ఎప్పుడు వచ్చిందో సరిగ్గా చూడనేలేదు. నా ధ్యాసంతా ఒళ్ళో ఉన్న చెప్పుల డబ్బా మీదే.

డబ్బాలో ఆ చిన్న రైలు ఇంజను బొమ్మ ఉంది, 1:87 స్కేలులో, అంటే అసలుదానిలో 87వ వంతు. 762ని 87తో భాగిస్తే 8.76 వస్తుంది. అందుకే 9 మిల్లీమీటర్ల పట్టా దీనికి ఇంచుమించు అతుకుతుంది. ఆ పట్టా మీద నడిచే బొమ్మ ఇంజన్ల చాసీలు, అంటే చక్రాలూ మోటారూ ఉన్న అడుగు భాగాలు, బజారులో దొరుకుతాయి. పైనున్న బాడీ నేను ప్లాస్టిక్ షీటు కోసి చేసుకున్నదే. ఆరు నడిపే చక్రాలు, వెనక నాలుగు చిన్న చక్రాలున్న చట్రం (బోగీ), రెండు పక్కలా నీళ్ళ ట్యాంకులు. కింద వేయడానికి చాసీలు మూడు తెచ్చాను, మూడింటికీ మూడు రకాల మోటార్లు. ఏది మంచిదో మా చినమావయ్య చెప్పాలి. ఆయనది పర్లాకిమిడిలో వైండింగ్ షాపు. పంపుసెట్లు, సీలింగ్ ఫ్యాన్లు, మిక్సీలు నలభై ఏళ్ళుగా ఆయన చేతిలో పడి బతికాయి. షాపు బోర్డు ఒడియాలో ఉంటుంది, బేరం తెలుగులో సాగుతుంది. 1936లో ఊరు ఒడిశాలోకి వెళ్ళినా మా బంధువుల మాట మారలేదు.

"ఏట్రా ఇది, పెసరగింజంత మోటారు!" అంటూ కళ్ళజోడు నుదుటి మీదికి ఎత్తి, భూతద్దం తీశాడు మావయ్య.

మొదటిది పాతకాలపు మోటారు. ఆర్మేచర్‌కి, అంటే లోపల తిరిగే భాగానికి, మూడే పోల్స్ (తీగ చుట్టిన ఇనుప కొమ్ములు). చేత్తో తిప్పితే టక్ టక్‌మని ఆగి ఆగి తిరుగుతుంది. పోల్‌లోని ఇనుమును అయస్కాంతం పట్టుకుని వదులుతుంది కదా, అదీ ఆ టక్. రెండోదానికి అయిదు పోల్స్. వాటి మధ్య గాళ్ళు (సందులు) నిటారుగా కాకుండా ఏటవాలుగా కోసి ఉంటాయి కాబట్టి ఒక పోల్ పూర్తిగా వదలకముందే పక్కది అందుకుంటుంది. ఇరుసుకి ఊపు నిలిపే చిన్న ఇత్తడి చక్రం, ఫ్లైవీల్, కూడా ఉంది. మూడోది కోర్‌లెస్. దాని ఆర్మేచర్‌లో ఇనుమే ఉండదు, తీగ చుట్టి గిన్నెలా చేస్తారు. వేలితో తిప్పితే ఎక్కడా పట్టు తగలదు. మూడింట్లో ఎక్కువ డబ్బు పోసింది దీనికే, నా ఆశంతా దీని మీదే.

షాపు బల్ల మీద ప్లైవుడ్ పలక వేసి, పట్టా పరిచి, ఒక మీటరు దూరం సుద్దతో గీశాం. అసలు రైలు గంటకు 20 కిలోమీటర్లతో పోతే, ఈ స్కేలులో మీటరు దాటడానికి పదహారు సెకన్లు పట్టాలి. కానీ జోరు చూసి ఇంజనుకి మార్కులు వేయడం నాకు నచ్చదు, 12 వోల్టులిస్తే ఏ మోటారైనా ఉరుకుతుంది. ఎంత నెమ్మదిగా, ఆగకుండా పాకగలదన్నదే అసలు పరీక్ష. మా అమ్మమ్మ రైలుకైతే మరీను.

నేను తెచ్చిన కంట్రోలర్‌తో, అంటే పట్టాకి వోల్టులు పెంచి తగ్గించి ఇచ్చే డబ్బాతో, మొదలుపెట్టాం. మూడు పోల్స్‌ది నాలుగు వోల్టుల దాకా కదల్లేదు, కదిలాక ఒక్క గెంతు గెంతింది. మీటరుకి ఇరవై రెండు సెకన్లకన్నా నెమ్మది చేస్తే నిలబడిపోయింది. అయిదు పోల్స్‌ది డెబ్బై సెకన్లలో పాకింది. కోర్‌లెస్ తొంభై అయిదు సెకన్లు తీసుకుంది! చక్రాలు కదులుతున్నాయా లేదా అని వంగి చూడాల్సి వచ్చింది. నేను గెలిచినట్టే మావయ్య వైపు చూశాను.

ఆయన ఏమీ అనలేదు. "నీ డబ్బా పక్కన పెట్టు" అని, బల్ల కింద నుంచి తన పాత ట్రాన్స్‌ఫార్మర్ లాగాడు. కరెంటు పెంచి తగ్గించే రియోస్టాట్, ఒక్క డయోడ్, అంతే. ఒక్క డయోడ్ అంటే కరెంటు అలలో సగమే దాటుతుంది. సెకనుకి యాభై పోట్లు. దాని మీద పెడితే మూడు పోల్స్ మొరటు మోటారు బుద్ధిగా నడిచింది, ముప్ఫై నాలుగు సెకన్లు! ఒక్కో పోటూ పట్టులో ఇరుక్కున్న ఆర్మేచర్‌ని తోసి లేపుతోంది మరి. కోర్‌లెస్ మాత్రం తుమ్మెదలా రొద పెట్టింది. దాని ఆర్మేచర్ బరువు తక్కువ కాబట్టి ప్రతి పోటుకీ ఊగుతుంది, ఆ పోట్లను సర్దడానికి ఇనుము లేదు. రెండు నిమిషాలకి బాడీ ఎత్తి చూస్తే మోటారు వేలికి చురుక్కుమంది. నా గుండె జారిపోయింది, వెంటనే తీగ పీకేశాను.

"మోటారొకటీ చూస్తే ఎలగరా, దానికి పెట్టే తిండి చూడొద్దూ" అన్నాడు.

తర్వాత పాయింటు మీద, అంటే రైలు ఒక లైను నుంచి ఇంకో లైనుకి మారేచోట, నడిపాం. పట్టాలు కలిసేచోట నా పాయింటులో ప్లాస్టిక్ ముక్క ఉంటుంది, అక్కడ కరెంటు లేదు. మోటారు చక్రాలని తిప్పేది మరలాంటి వార్మ్ గేరుతో, కాబట్టి మోటారు ఆగితే చక్రాలు బిగుసుకుంటాయి. కోర్‌లెస్ సరిగ్గా అక్కడే ఆగిపోయింది, తేలిక ఆర్మేచర్‌లో ఊపు నిలవదు. అయిదు పోల్స్‌ది ఫ్లైవీల్ పుణ్యమా అని అవతలికి జారుకుంది. వెనక బోగీ చక్రాల నుంచి కూడా కరెంటు తీసుకుంటే కోర్‌లెస్ కష్టం తీరుతుందని నాకూ తెలుసు, కానీ బద్ధకించి ఆ తీగలు వేయలేదు.

సాయంత్రం పలకని ఒకవైపు ఎత్తి పెట్టెలు లాగించాం. బరువు చాలక చక్రాలు జారుతుంటే వలకి కట్టే సీసపు గుళ్ళు ట్యాంకుల్లో నింపాం. మూడు చాసీలూ అటూ ఇటుగా అన్నే పెట్టెలు లాగాయి. పట్టా మీద పట్టు బరువుది గానీ మోటారుది కాదు. చక్రం జారితే సంతోషించమన్నాడు మావయ్య. జారకుండా మోటారు నిలబడిపోతే కాలేది వైండింగే, ఆయన షాపు నడిచేదీ దాని మీదే.

మర్నాడు అత్తయ్యతో బజారుకెళ్ళి కొమ్ముతో చేసిన కొంగ ఒకటి కొన్నాను. తిరుగు రైలు ఎక్కేటప్పటికి ఇంజను కింద అయిదు పోల్స్ చాసీ ఉంది. కోర్‌లెస్ గుడ్డలో చుట్టి సంచిలో ఉంది. మూడు పోల్స్‌ది మావయ్య తన దగ్గరే ఉంచేసుకున్నాడు.

పది రోజులకి ఫోను. సన్న తీగతో ఎక్కువ చుట్లు వేసి చుట్టాడట, అదే వోల్టుకి జోరు తగ్గిందట. "నీ కంట్రోలర్ లాంటిదే ఒకటి తెప్పించి పెట్టి చూశాను. మీటరుకి ముప్ఫై ఒక్క సెకన్లు!" అన్నాడు.

"ఆ టక్ టక్ పోయిందా మావయ్యా?"

"అది ఇనుముది రా, చుట్టుడుతో ఎలగ పోతాది? ఆ అయిదు పోల్స్‌ది ఒకపాలి పంపించు, విప్పి చూస్తాను."

ఇంకా పంపలేదు.